కత్తిరింపు బల్ల మీద సుద్దగీత

పాత సామాన్ల షాపతను పెట్టెను తూకం మీదకు ఎత్తబోతుంటే ఆపరేటరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందు కరెంటుకు పెట్టి చూపించు.”

“పనిచేస్తుందో లేదో నాకు తెలీదమ్మా. ఇనుము లెక్కన కొన్నా, ఇనుము లెక్కనే అమ్ముతా.”

“పనిచేస్తుందా అని నిన్ను అడగలేదుగా. కరెంటుకు పెట్టమన్నాను.”

అతను గొణుక్కుంటూ ప్లగ్గు పెట్టాడు. పెట్టెలోని ఫ్యాను గొంతు సవరించుకుని తిరగడం మొదలుపెట్టింది. ఆపరేటరమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, వంగి, పెట్టెకు చెవి ఆనించింది.

“ఇదేమన్నా పుచ్చకాయా అమ్మా?”

“పుచ్చకాయైతే తట్టేదాన్ని. ఇది వద్దు, లోపల ఏదో రాసుకుంటోంది. ఆ పక్కది పెట్టు.”

షాపులో ఓ మూల మూతపడ్డ ఆఫీసుల నుంచి వచ్చిన నెట్‌వర్క్ సామాను గుట్టగా పడుంది. మూతలు సొట్టలు పోయినవి, పక్కన బిగించే చెవులు విరిగినవి, ఎవరివో ఆఫీసుల స్టిక్కర్లు సగం చిరిగి అంటుకున్నవి. ఒక్కొక్కదాన్నీ విని ఆమె చివరికి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే రెండు స్విచ్‌లూ ఒక రూటరూ పక్కన పెట్టింది. తర్వాత తీగల గుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి, రిబ్బనులా పల్చగా ఉన్న లేత నీలం తీగ ఒకటి లాగింది.

“ఆ తోకెందుకమ్మా? అది దేనికీ పట్టదు. ఎన్నాళ్ళ నుంచో అక్కడే పడుంది.”

“ఈ తోక లేకపోతే ఆ పెట్టెలు నాతో మాట్లాడవు.”

షాపతను ఆమె మొహం చూసి, తోకను తూకంలో వెయ్యకుండా ఊరికే ఇచ్చేశాడు.

ఆసుపత్రిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాడు జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగిలిన అందరికీ ఆపరేటరమ్మే. ఆమె పనిలో చేరినప్పుడు అక్కడ తాళ్ళ బోర్డు ఉండేది. ఎవరికి ఎవరు కావాలంటే వాళ్ళ రంధ్రంలో తాడు గుచ్చాలి, మాటలు అయిపోయాక పీకాలి. పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజు ఒకే ఒక్క మాట చెప్పింది: అడక్కుండా తాడు పీకకు. పీకే ముందు లైన్లోకి వెళ్ళి “మాట్లాడుతున్నారా?” అని అడగాలి. జవాబు రాకపోతే ఇంకోసారి అడగాలి. అప్పుడు పీకాలి.

తాళ్ళ బోర్డు పోయి మీటల బోర్డు వచ్చింది. పీకడానికి తాళ్ళే లేవు. అడిగే అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు. ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేటప్పుడు కూడా నోటి వెంట వచ్చేసేది.

“మాట్లాడుతున్నారా?”

“లేదు, ఇస్త్రీపెట్టె ఇప్పుడే ఫోన్ పెట్టేసింది,” అనేవాడు భర్త. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. జోకులు తక్కువే గానీ, ఉన్నవాటిని పొదుపుగా ఎన్నేళ్ళైనా వాడుకునేవాడు.

ఇప్పుడు మీటల బోర్డుకూ కాలం చెల్లింది. ఆసుపత్రి ఫోన్లన్నిటినీ కంప్యూటర్ల తీగల్లోకే మార్చేస్తున్నారు. కావలసినవాళ్ళు నంబరు నొక్కుకుంటారు, మధ్యలో మనిషి అక్కర్లేదు. ఆఫీసు మేనేజరు ఆమెను పిలిచి కూర్చోబెట్టి చల్లగా చెప్పాడు.

“మీకేం భయం లేదమ్మా. దుప్పట్ల స్టోర్లో కుర్చీ ఉంది. అదే జీతం. దుప్పట్లు ఇస్తారు, పుచ్చుకుంటారు. రోజంతా చెవిలో ఎవరో ఒకరు అరిచే బాధ తప్పుతుంది.”

“దుప్పట్లు మాట్లాడవు కదండీ.”

“అదేగా సుఖం!”

ఆమెకు ఆ సుఖం వద్దు. తన బోర్డు దాటి ఆ లైన్లన్నీ ఎటు పోతున్నాయో అటే తనూ పోవాలనుకుంది. అవి పైఅంతస్తులో, గాజు తలుపు వెనక, ఎప్పుడూ చల్లగా ఉండే నెట్‌వర్క్ గదిలోకి పోతున్నాయి. ఆ గదిలో ఒక అసిస్టెంటు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆసుపత్రిలోనే పనిచేసే ఇంకో ఇద్దరు అప్పటికే అడిగి ఉన్నారు, ఇద్దరూ ఎక్కడో కోర్సు చేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్ళు. ఆపరేటరమ్మ నేరుగా వెళ్ళి గది ఇన్‌ఛార్జిని అడిగింది. ఇన్‌ఛార్జి ఆమెకంటే చాలా చిన్నది. మాట తక్కువ మనిషి.

“పని తెలుసా?” అంది ఇన్‌ఛార్జి.

“తెలీదు మేడమ్. నేర్చుకుంటాను.”

“నడుస్తున్న పరికరాల మీద మీ చేత చెయ్యి పెట్టించలేను. వార్డులున్నాయి. నేర్పడానికి విడిగా నా దగ్గర సామాను లేదు. ఎక్కడైనా నేర్చుకుని నాకు చేసి చూపించండి. చూస్తాను.”

“మా ఇంట్లో పెట్టుకుని చేస్తే వచ్చి చూస్తారా?”

ఇన్‌ఛార్జి కంప్యూటరు మీద నుంచి తలెత్తి మొదటిసారి ఆమెను సరిగ్గా చూసింది. “వస్తాను,” అంది.

అలా ఆ పెట్టెలు ఇంటికొచ్చాయి. ఇల్లంటే మేడ మీద రెండు గదులు. ముందు గదిలో సగం, ఒక పొడుగాటి బల్ల ఆక్రమించి ఉంటుంది. అది అత్తగారి కత్తిరింపు బల్ల. ఆవిడ ఒకప్పుడు ఆ బల్ల మీద కోట్లు కత్తిరించిన దర్జీ. చూపు తగ్గాక కోట్లు మానేసి అంచులు మడవడం, జిప్పులు మార్చడం, కాజాలు కుట్టడంలో దిగింది. వీధిలో ఆవిడ కాజాకు ఇప్పటికీ పేరు. బొత్తాం ఊడుతుందేమో గానీ ఆవిడ కుట్టిన కాజా విచ్చదు.

“అత్తయ్యా, ఈ బల్లలో సగం నాకిస్తారా?”

“సగం బల్ల మీద కోటు ఎలా పరుస్తానే?”

“మీరు కోటు పరిచి ఎన్నాళ్ళైంది?”

“పరచకపోతే మాత్రం? పరచాలనిపిస్తే?”

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మర్నాడు పొద్దున చూసేసరికి బల్ల మీద అడ్డంగా తెల్లటి సుద్దగీత గీసి ఉంది. కొలిచి గీసినట్టు తిన్నగా ఉంది గానీ, సరిగ్గా సగానికి కాదు. అత్తగారి వైపు జానెడు ఎక్కువ.

“అటు నీ ఇనప పెట్టెలు, ఇటు నా గుడ్డలు. అటు పడ్డ సూది నీది. ఇటొచ్చిన దారం నాది. తర్వాత పేచీ పెట్టకు.”

“పెట్టను.”

“ఒరే, నువ్వు సాక్షివి,” అంది అత్తగారు కొడుకుతో.

“నేను బండిలో ఉన్నప్పుడే గీతలు చూస్తానమ్మా. ఇంట్లో చూడను,” అన్నాడు మాస్టారు.

పెట్టెలు మొదట మొరాయించాయి. మొదటి స్విచ్ పాత యజమాని పెట్టిన పాస్‌వర్డు అడిగింది. ఆ యజమాని ఎవరో, ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? డ్రైవింగ్ స్కూల్లో రోడ్డు గుర్తులు నేర్పడానికి వాడి పక్కన పడేసిన కంప్యూటరును మాస్టారు అడిగి తెచ్చిపెట్టాడు. దానికి నీలం తోక తగిలించుకుని, పుస్తకంలో చెప్పినట్టు స్విచ్ మొహాన ఉన్న బొత్తాం నొక్కిపెట్టి కరెంటు ఇవ్వాలి. వదలాల్సిన సమయానికి ముందు వదిలితే మళ్ళీ మొదటికి. ఆమె చాలాసార్లు మొదటికొచ్చింది. సుద్దగీతకు అవతల నుంచి అత్తగారు జిప్పు ఊడదీస్తూ గమనించేది.

“ఏమంటుంది?”

“నువ్వెవరు అంటుంది.”

“చెప్పకపోయావా?”

“చెప్తే వినట్లేదు అత్తయ్యా.”

“అయితే నీకు తగ్గదే దొరికింది.”

ఒక సాయంత్రం అది విన్నది. తెర మీద పాత ఆఫీసు గుర్తులన్నీ చెరిగిపోయి, ఏమీ రాయని పలకలాగా ఖాళీ స్విచ్ ఎదురుగా నిలబడింది. ఆపరేటరమ్మ దానికి పేరు పెట్టింది, ‘కింద’ అని. రెండోదానికి ‘పైన’. పాత కంప్యూటరును ఒకదానికీ, ఆ కంప్యూటరుతో పాటే వచ్చిన ఇంకో ముసలి యంత్రాన్ని రెండోదానికీ తగిలించి, ఇక్కడి నుంచి అక్కడికి ఒక పలకరింపు పంపింది. జవాబు తిరిగొచ్చింది.

“లైన్లో ఉన్నారు!” అని గట్టిగా అరిచింది.

“ఎవరు?” అంటూ లోపలి గది నుంచి సగం గడ్డం గీసుకున్న మొహంతో వచ్చాడు మాస్టారు.

ఆ తర్వాత ఇల్లు ఆ పెట్టెల చప్పుడుకు అలవాటు పడింది. అత్తగారు మాత్రం, “మా వాడి గురక ఒక్కటే అనుకుంటే దానికి తోడు దొరికింది,” అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేది. చెప్పి, వాళ్ళు అడక్కముందే బల్ల చివర చూపించేది. “మా కోడలు. ఇనుములో కొనుక్కొచ్చి బతికించింది.”

ఆపరేటరమ్మ ఒకే పెట్టెను రెండు గదులుగా విడగొట్టడం నేర్చుకుంది. ఎడమ వైపు రంధ్రాలు వార్డులు, కుడి వైపువి ఆఫీసు. పక్కపక్కనే ఉన్నా ఒకరి మాట ఒకరికి వినబడదు. వినబడాలంటే మధ్యలో రూటరు ఒప్పుకోవాలి. ఇది ఆమెకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్ళూ తను కుర్చీలో కూర్చుని చేసిందీ అదే. ఎవరి కాల్ ఎవరి దాకా పోవచ్చో, ఎవరిది పోకూడదో చూడటం.

కొత్తగా అనిపించింది ఒకటే. ఒక తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే ఏమవుతుందో పుస్తకంలో చదివింది. ఎవరైనా ఒక్కసారి “ఎవరున్నారక్కడ?” అని కేక వేస్తే, ఆ కేక ఆ తీగలోంచి తిరిగొస్తుంది, మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది, రెట్టింపవుతూ ఆగకుండా తిరుగుతుంది. ఆ హోరులో ఇంకెవరి మాటా ఎవరికీ వినబడదు. అలా జరక్కుండా స్విచ్‌లోనే ఒక కాపలా ఉంటుంది. చుట్టు పడిందని తెలియగానే ఒక కొసను మూసేస్తుంది. ఆపరేటరమ్మకు ఆ హోరు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఇన్‌ఛార్జి రావడానికి ముందురోజు, కాపలా తీసేసి ఒక పొడుగాటి తీగను రెండు వైపులా గుచ్చింది. దీపాలన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయి. తృప్తిగా చూసి ఒక కొస లాగేసింది. తను మార్చినవన్నీ స్విచ్‌లో భద్రపరిచింది. కాపలాను తిరిగి పెట్టబోతుండగా గీతకు అవతల నుంచి పిలుపు వచ్చింది.

“అమ్మాయ్, సూది.”

రోజూ ఆ వేళకు అత్తగారి సూదిలో దారం ఎక్కించేది ఆమే. లేచి వెళ్ళి ఎక్కించింది. తెల్ల దారం, తర్వాత నల్ల దారం, తర్వాత ఎవరిదో స్కూలు చొక్కాకు నీలం. మాటల్లో పడి పెట్టెల కరెంటు తీసేసింది. కాపలా సంగతి మరిచిపోయింది.

మర్నాడు సెలవు. ఇన్‌ఛార్జి పదకొండింటికి వస్తానంది. పొద్దుటి నుంచీ ఇంట్లో ఎవరి చేతులూ ఊరుకోలేదు. ఆపరేటరమ్మ లోపలి గదిలో మాస్టారి చేత దుప్పటి మార్పిస్తుంటే, అత్తగారు బల్ల తుడవడానికి దిగింది. తన వైపు అయిపోయింది. కోడలి వైపు ముట్టుకోనని మాటిచ్చింది కాబట్టి ముట్టుకోలేదు. కానీ గీత దాటి తన వైపుకు ఒక తీగ కొస వచ్చి బల్ల అంచు నుంచి వేలాడుతోంది.

వేలాడే దారాన్ని ఆవిడ జన్మలో చూసి ఊరుకోలేదు. చెయ్యి దానంతటదే కత్తెర మీదకు వెళ్ళింది కూడా. మళ్ళీ ఆగింది. ఇది కత్తిరించేది కాదు. తీగ కొసన చిన్న పారదర్శకమైన ముక్క ఉంది. స్విచ్ మొహాన, సరిగ్గా ఆ ముక్క పట్టేంత రంధ్రం ఒకటి ఖాళీగా ఉంది. కాజాలో బొత్తాం పెట్టినట్టు పెట్టింది. టిక్కుమంది. నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకుంది. ఇప్పుడు బాగుంది.

ఇన్‌ఛార్జి సమయానికే వచ్చింది. మాస్టారు ఆమెను లోపలికి తీసుకొచ్చి, కుర్చీ ఇచ్చి, ఆమె అడగని సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు.

“మొత్తం మా ఆవిడ ఒక్కతే మేడమ్. మోసుకొచ్చింది మాత్రం నేను.”

“ఆన్ చేయండి,” అంది ఇన్‌ఛార్జి, ఆపరేటరమ్మతో.

పాత స్విచ్‌లు లేవడానికి సమయం పడుతుంది. ఫ్యాన్లు గొంతు సవరించుకున్నాయి. అత్తగారు టీ తెచ్చింది. ఇన్‌ఛార్జి గ్లాసు పట్టుకుని సుద్దగీతను చూస్తోంది గానీ అడగలేదు. దీపాలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. ఆ వెంటనే ఎడమ వైపువన్నీ ఒక్కసారిగా, ఒకే తాళంలో, ఊపిరి తీసుకోకుండా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

“చూశారా, ఎంత కళగా ఉన్నాయో!” అంది అత్తగారు. “రోజూ ఇంతలా వెలగవు. మీరొచ్చారని.”

ఆపరేటరమ్మ అవతలి యంత్రానికి పలకరింపు పంపింది. జవాబు లేదు. ఇంకోసారి పంపింది. లేదు. ఇన్ని రోజుల శ్రమ, పైఅంతస్తులోని ఆ గాజు తలుపు, తను కాదనుకున్న దుప్పట్ల స్టోరు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి.

“మేడమ్, ఇది ఇలా ఉండకూడదు.”

“ఊఁ.”

“నిన్న బాగానే ఉంది.”

“అందరూ అదే అంటారు,” అంది ఇన్‌ఛార్జి. గ్లాసు కింద పెట్టి లేచి, బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. దీపాలు చూడగానే ఆమెకు అర్థమైందని మొహమే చెబుతోంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారికి ఆ భంగిమ బాగా తెలుసు. ఆయన కారులో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని అలాగే ఉంటాడు, తన కాలి కింద ఇంకో బ్రేకు ఉన్నా నొక్కకుండా. ఇప్పుడు ఆయన కుడికాలు నేలను గట్టిగా నొక్కుతోంది.

“ఓసారి అన్నీ ఆపేసి మళ్ళీ వేస్తేనో?” అన్నాడు ఉండబట్టలేక.

“ఆసుపత్రిలో అయితే ఆపగలమా?” అంది ఆపరేటరమ్మ, తిరిగి చూడకుండానే.

ఆ మాట అన్నాక ఆమె చేతులు కుదుటపడ్డాయి. వంగి చూసింది. కుడి వైపు, ఆఫీసు దీపాలు మామూలుగానే ఉన్నాయి. పిచ్చెత్తింది వార్డుల వైపు మాత్రమే. అంటే ఆ వైపు తీగల్లోనే ఏదో ఉంది. మొదటి తీగ మీద వేలు పెట్టింది.

“మాట్లాడుతున్నారా?”

ఇన్‌ఛార్జి కనుబొమలు పైకి లేచాయి. “ఎవర్ని అడుగుతున్నారు?”

“అలవాటు మేడమ్.”

తెర మీద ఆ రంధ్రం ఎవరిదో చూసుకుని, తీగ లాగింది. దీపాలు మారలేదు. అదే రంధ్రంలో తిరిగి పెట్టింది. రెండోది. అడిగింది, చూసుకుంది, లాగింది, పెట్టింది. అత్తగారికి విసుగొచ్చింది. “అన్నీ ఒకేసారి లాగెయ్యరాదూ?” అంది.

తర్వాతి తీగ కొంచెం బరువుగా అనిపించింది. పొడుగాటిది. ఆమె దాన్ని లాగకుండా వేళ్ళ మధ్య పట్టుకుని వెంటే పోయింది. తీగ పెట్టె దిగి, బల్ల మీద పాకి, సుద్దగీత దాటి, మడత పెట్టిన స్కూలు చొక్కా పక్క నుంచి చుట్టు తిరిగి, మళ్ళీ గీత దాటి వెనక్కొచ్చి, అదే పెట్టెలో దూరింది.

“నీతో నువ్వే మాట్లాడుకుంటున్నావా?” అంది ఆపరేటరమ్మ, మెల్లగా. ఒక కొస లాగింది.

దీపాలు ఒక్కసారి ఆగాయి. తర్వాత ఎవరి తాళంలో వాళ్ళు, అప్పుడొకటి అప్పుడొకటి మినుకుమన్నాయి. పలకరింపు పంపింది. జవాబు వచ్చింది.

“లైన్లో ఉన్నారు,” అంది. ఈసారి అరవలేదు.

మాస్టారి కుడికాలు నేల మీద నుంచి లేచింది.

“దొరికింది. బాగుంది,” అంది ఇన్‌ఛార్జి. “కానీ ఎవరో తీగ అలా పెట్టినంత మాత్రాన స్విచ్ ఇలా అయిపోకూడదు. ఎందుకైంది?”

ఆపరేటరమ్మకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. సూది. తెల్ల దారం, నల్ల దారం, నీలం. గీతకు అవతల అత్తగారి చేతిలో కత్తెర కదలకుండా ఉంది. ఆ తీగ కొస ఖాళీ రంధ్రంలోకి ఎలా వెళ్ళిందో చెప్పాల్సిన పని లేకుండానే తెలిసిపోతోంది.

“కాపలా నేనే తీసేశాను మేడమ్. ఎలా ఉంటుందో చూద్దామని. చూసి, తిరిగి పెట్టడం మరిచిపోయాను. ఆ తీగ వేలాడుతూ వదిలిందీ నేనే.”

“పెట్టింది?”

“మా ఇంట్లో ఏం జరిగినా నాదే మేడమ్.”

“ఆహా, గొప్పే!” అంది అత్తగారు కత్తెర బల్ల మీద పెట్టి. “అది వదిలింది. పెట్టింది నేను. నా గీత ఇవతలకొచ్చింది, నాదేగా? కాజా ఖాళీగా ఉంది, బొత్తాం వేలాడుతోంది. మీరైతే ఏం చేస్తారమ్మా?”

ఇన్‌ఛార్జి ఆవిణ్ణి ఒక్క క్షణం చూసింది. తర్వాత నవ్వింది. ఆమె నవ్వగా చూడటం ఆపరేటరమ్మకు అదే మొదటిసారి.

“మీలాంటి వాళ్ళు మా ఆసుపత్రిలో ప్రతి అంతస్తులోనూ ఉన్నారమ్మా. గదులు తుడిచేవాళ్ళు పెడతారు, నర్సులు పెడతారు. ఓసారి పెద్ద సర్జనుగారే పెట్టారు.”

“మరి ఆయనా కుట్టేవాడేగా,” అంది అత్తగారు.

ఇన్‌ఛార్జి ఆపరేటరమ్మ వైపు తిరిగింది. “ఇప్పుడు కాపలా పెట్టండి. పెట్టి, ఆ తీగను మీ అత్తగారు పెట్టినట్టే మళ్ళీ పెట్టండి.”

ఆపరేటరమ్మ పెట్టింది. కొంతసేపు ఏమీ తెలియలేదు. తర్వాత ఆ రెండు రంధ్రాల్లో ఒకదాని దీపం నారింజ రంగుకు తిరిగి, కదలకుండా నిలిచిపోయింది. మిగతావన్నీ తమ మానాన తాము మినుకుమంటున్నాయి. ఇన్‌ఛార్జి ఇంకో రెండు మూడు పనులు చేయించి, మిగిలిన టీ తాగి లేచింది.

“మిగతా ఇద్దరివీ చూడాలి,” అంది గుమ్మంలో.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోలా గడిచాయి. మాస్టారు కారు నేర్చుకునేవాళ్ళకు గేరు మార్చడంతో పాటు భార్య స్విచ్‌ల కథ కూడా నేర్పాడు. ఆపరేటరమ్మ, తన మతిమరుపు తనే బయటపెట్టుకున్నాక ఇక ఆ గది మాట మరిచిపోవచ్చనుకుంది. అయినా ఇంటికొచ్చి రోజూ పెట్టెలు ఆన్ చేస్తూనే ఉంది. అత్తగారు సూది కోసం పిలవడం మానేసింది. తనే కిటికీ దగ్గర నిలబడి, నాలిక బయటపెట్టి, దారాన్ని సూది పక్క నుంచి పోనిస్తూ అవస్థ పడేది.

“ఇటివ్వండి అత్తయ్యా.”

“నువ్వు నీ పని చేసుకో. మళ్ళీ ఏదో మరిచిపోతావు, మళ్ళీ నా మీదకొస్తుంది.”

“మిమ్మల్ని ఎవరేమన్నారు?”

“ఎవరూ అనలేదనే నా బాధ.”

ఒకరోజు సాయంత్రం ఆపరేటరమ్మ వచ్చేసరికి సుద్దగీత ఇవతల, ఆమె వైపు, గుడ్డముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. కోటు గుడ్డ పేలికలు. ఒక్కొక్కటి తీగ చుట్టూ తిరిగేంత పొడుగు. ఒక చివర కాజా, ఇంకో చివర చిన్న బొత్తాం. జతలు జతలుగా, ప్రతి జతకూ ఒకే రంగు దారంతో ఒకే గుర్తు కుట్టి ఉంది. తీగ ఈ కొసకు ఒకటి, ఆ కొసకు ఒకటి. ఈ గుర్తు చూస్తే ఆ కొస ఎక్కడుందో ఇక్కడి నుంచే తెలుస్తుంది. ఎర్ర గుడ్డతో కుట్టినవి కొన్ని విడిగా ఉన్నాయి.

“ఎర్రవి?”

“ఊరికే వేలాడేవాటికి. ఎర్రది ఉంటే ముట్టుకోకూడదు. నేనైనా సరే.”

ఆపరేటరమ్మ ఒకటి తీసుకుని తీగకు చుట్టి బొత్తాం పెట్టింది. లాగి చూసింది. జారలేదు. సూదిపెట్టె దగ్గరకు లాక్కుని, ఉన్న సూదులన్నిటికీ వరసగా దారాలు ఎక్కించింది.

ఆ వారంలోనే, ఆపరేటరు గదిలో బోర్డు మీద లోపలి లైను దీపం వెలిగింది. పైఅంతస్తు నుంచి.

“ఆపరేటర్,” అంది ఆమె.

“నేను, నెట్‌వర్క్ గది నుంచి.”

“చెప్పండి మేడమ్. ఎవరికి కలపను?”

“మా కొత్త అసిస్టెంటుకు కలపండి.”

ఆపరేటరమ్మ చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

“లైన్లోనే ఉన్నారు మేడమ్.”

“వాళ్ళిద్దరి దగ్గరా ఏదీ చెడలేదు,” అంది ఇన్‌ఛార్జి. “బాగా చేశారు. కానీ చెడినప్పుడు ఏం చేస్తారో, ఏం చెప్తారో నాకు తెలియలేదు. మీది తెలిసింది. సోమవారం పైకి వచ్చెయ్యండి. ఇక్కడ చలి, స్వెట్టరు తెచ్చుకోండి.”

“అలాగే మేడమ్.”

“ఇంకేమైనా ఉందా?”

“మా అత్తగారు కొన్ని కుట్టారు మేడమ్. తెచ్చి చూపించనా?”

చలికాలం రాకముందే అత్తగారు కంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది. చూపించుకోవడం అయ్యాక ఇంటికి పదమంటే కదల్లేదు. “ఆ గాజు తలుపు ఎక్కడరా?” అంది కొడుకుతో. మాస్టారు లిఫ్టులో పైకి తీసుకెళ్ళాడు. లోపలికి ఎవర్నీ రానివ్వరు. ఆవిడ అక్కడే తీసుకున్న కొత్త కళ్ళజోడు సర్దుకుని, గాజుకు మొహం ఆనించింది.

లోపల పెట్టెలు మనిషెత్తు దొంతరలుగా ఉన్నాయి. వాటి నుంచి తీగలు వందలుగా దిగుతున్నాయి. ప్రతి తీగ మెడకూ గుడ్డముక్క, దాని మీద రంగు కుట్టు, బిగువుగా పెట్టిన బొత్తాం. మొదటి రెండు దొంతరలవి ఆవిడ ఊరికే కుట్టిచ్చినవే. మిగతావి ఆసుపత్రివాళ్ళు డబ్బిచ్చి ఆవిడ చేతే కుట్టించారు. అవి కుట్టడానికి బల్ల మొత్తం కావాల్సి వచ్చి, సుద్దగీతను ఆవిడే తడిగుడ్డతో తుడిచేసింది.

దొంతరల మధ్య స్వెట్టరు వేసుకున్న కోడలు నిలబడి ఉంది. ఒక చేత్తో తీగ పట్టుకుంది. ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏదో వార్డుతో మాట్లాడుతోంది. గాజు అవతల నుంచి మాట వినబడలేదు గానీ, పెదాల కదలిక చూసి అత్తగారికి అదేం మాటో తెలిసిపోయింది. కోడలు జవాబు కోసం ఆగింది. మళ్ళీ అడిగింది. అప్పుడు బొత్తాం మీద వేలుంచి, కొస చూసుకుని, తీగ లాగింది.

ట్రాలీ తోసుకుంటూ వచ్చిన నర్సు ఆగి, “ఇక్కడ నిలబడకూడదమ్మా. ఎవరు కావాలి?” అంది.

“ఎవరూ అక్కర్లేదమ్మా,” అంది అత్తగారు, గాజు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. “ఆ స్వెట్టరు మనిషి మా కోడలు. ఆ కాజాలు నావి.”